తాడందని చెట్టు

నాలుగింటికి వస్తనన్నడు రత్నాకర్. ఇప్పుడు మూడు దాటింది. మునిసిపాలిటీల జవాను, ట్రాలీ ఆటో పట్టుకొని వస్త, మేకను ఎక్కించుకొని బందెలదొడ్డికి తోల్కపోత, నువ్వు చెప్పినంక ఆగుతదా అమ్మా అన్నడు ఫోన్ల. నిన్న ఆ మాటకు బాలమణి కడుపు నిండింది. ఇయ్యాల అదే మాట యాదికొస్తే మాటిమాటికి టైము చూసుకుంటుంది. ఇంటెనుక పెరట్ల జామచెట్టు మొదలు కాడ గోనెసంచి పరుచుకొని కూసున్నది. పక్కన ఇనుప తట్టల ఎర్రమట్టి, పచ్చి పేడ కలిపి పెట్టింది, చెట్టు గాయానికి పూయాలె, చేతులు మోచేతుల దాక అదే బురద, కాని పూస్తలేదు. పూస్త పూస్త అనుకుంటనే అర్ధగంట పోయింది. మాఘం ఎండ గోడ మీదికెల్లి జారి జారి ఒళ్ళెకు వస్తుంది, ఈగ ఒకటి బురద మీద వాలి లేస్తుంది, అవతల బట్టలుతికే బండకు కట్టేసిన మేక నెమరేస్తుంది, కసకస కసకస, ఆ సప్పుడు వింటుంటే కండ్లు మూతబడుతున్నయి. గోడకవతల గల్లీల, మురికి మోరీ మీద పరిచిన బండ మీద, ఆ మేక గలామె కూసున్నది. యేసమ్మ. పొద్దున్నుంచి గట్లనే కూసున్నది, తిట్టలేదు, ఏడ్వలేదు, ఎవ్వలను తోడు తెచ్చుకోలేదు. పెరటి తలుపు కింది సందులకెల్లి ఆమె మడిమెలు కనబడుతున్నయి, పగిలిన మడిమెలు, కదలని మడిమెలు. తిడితే బాగుండు. తిడితే బాలమణికి ఏం చెయ్యాల్నో తెలుసు.

బాలమణి గొంతంటే ఖిల్లా గుట్ట కింది నాలుగు గల్లీలకు ఎరుక. సదువు నాలుగో తరగతి దాక, అంతే, కాని కాయిదం మీద ఏం రాసున్నదో సార్ల మొకాలల్ల సదివేది. బడి పక్కన సారా దుకాణం పెట్టిన్నాడు దాని ముందల మూడు దినాలు కూసున్న గొంతది, మీటింగుల మైకు పోతే మైకక్కరలేని గొంతది, మొగడు గాలయ్య నవ్వుతుండె, మన ఇంట్ల కరెంటు పోయినా నీ నోరు పోదు గదనే అని, ఆయన కరెంటాఫీసుల హెల్పరు, ఆయన జోకులన్నిట్ల కరెంటుండేది. ఆ మూడు దినాలు పక్కన ఎవ్వలు కూసున్నరు. ఎవ్వలు కూసున్నరే బాలమణీ. యేసమ్మ కూసున్నది. తెల్లగ, బక్కగ, పెండ్లై రెండేండ్లు గాలేదప్పటికి, మొగడు తాగొచ్చి కొట్టిన చెంప వాచి ఉన్నది, అక్కా నాకు మాట్లాడరాదు నేను కూసుంటనన్నది, కూసున్నది, గిట్లనే, గీ మడిమెలతోనే. వానొస్తే అందరు లేచి సూరు కిందికి ఉరికిన్రు, ఆమె లేవలేదు, తలకాయ మీద తట్ట బోర్లిచ్చుకొని కూసున్నది, దాని మీద వాన టకటక టకటక. ఆ టకటక ఇప్పుడు వినబడుతుంది. కాదు, మేక నెమరు. మేక పేరు చంద్రి, నుదుట తెల్లమచ్చ. సూడి మేక, ఇంకో ఇరవై దినాలల్ల ఈనుతదేమో, పొట్ట రెండు పక్కలకు కిందికి దిగింది, బాలమణికి ఒకరు చెప్పాల్సిన పని లేదు, శంకరంపేటల మందలల్ల పుట్టి పెరిగిన పిల్ల. నాయిన ఎల్లం జీవితమంతా మేకలెనకనే నడిచిండు. నాయినకు మనుషుల పేర్లు యాదుండకపోయేది, మేకల పండ్లు యాదుండేది.

ఎందుకు నాయిన ఇప్పుడు. నాయిన పండ్ల సంగతి ఎందుకు. అవతల పెట్టు.

నిన్న పొద్దున ఏం జరిగిందో అందరికి తెలుసు, ఆమెనే తెలిపింది. లేచి పెరట్లకొస్తే జామచెట్టు మొదలు చుట్టూ తెల్లగ, కండ కనబడ్డట్టు, బెరడంతా ఊడి కింద పెంకులు పెంకులుగ పడున్నది. చెట్టు కింద చంద్రి నిలబడి రాలిన ఆకులు ఏరుకుంటుంది, కంపకంచెల సందుకెల్లి దూరొచ్చింది. చూసిన కంటికి ఇంకేం కావాలె. తాడు తెచ్చి బండకు కట్టేసింది, ఫోన్ తీసింది, గల్లీ వాట్సాప్ గ్రూపుల వాయిస్ పెట్టింది. ఫోన్ల రాయరాదు ఆమెకు, మాట్లాడొస్తది. యేసమ్మ మేక నా చెట్టును చంపింది, ఎన్ని దినాలు ఓర్సుకోవాలె, ఈ గల్లీల ఇగ మేకలుండొద్దు, అవునన్నోళ్ళు బొటనవేలు గుర్తు పెట్టుండ్రి. వేళ్ళే వేళ్ళు. ఫోన్ టింగు టింగుమని పొద్దంతా మోగింది. అందరికన్న ముందుగాల వేలు పెట్టింది కృష్ణమోహన్, యేసమ్మ ఉండే కిరాయి రూము ఓనరు. మాపటికి ఆయన యేసమ్మను పిలిచి ఇల్లు ఖాళీ చెయ్యమన్నడట, మేకల పంచాయితీ నాకొద్దన్నడట. అదిగూడ గ్రూపులనే తెలిసింది. యేసమ్మ ఉన్నది గ్రూపుల. బళ్ళ పిల్లలకు పగటన్నం వండుకుంట, చేతికి పప్పు అంటి ఉండంగ, ఆ వాయిస్ ఇన్నదట. పక్కనున్నామె చెప్పింది. ఇని ఫోన్ జాకెట్ల పెట్టుకొని మళ్ళ గంటె పట్టుకున్నదట.

సారా దుకాణం మీద అరిచిన గొంతే. ఇగ చాలు, పూయి, మట్టి ఎండుతుంది.

పూయబోయి చెయ్యి ఆగింది. గాలయ్య మంచం ఇక్కడనే ఉండేది, ఈ జామ కింద, ఆయన పోయే ముందటి ఎండకాలం. ఆయన మీద నీడ అటు జరుగుతుంటే మంచం గుంజమనేటోడు, పొద్దున అటు, మాపున ఇటు, చెట్టు చుట్టూ మంచం తిరిగింది గడియారం ముల్లు తిరిగినట్టు. ఆఖరి దినాలల్ల ఎంత పొద్దాయెనే అని అడుగుడు బంద్ చేసిండు, నీడ చూసి తనే చెప్పేటోడు, గుళికలు ఏసుకునే యాళ్ళాయె, చర్చి గంట కొట్టే యాళ్ళాయె. ఆయన పోయినంక మంచం లోపట పెట్టింది, నీడ మాత్రం ఇంకా తిరుగుతనే ఉన్నది, మంచం లేకుండ. చెట్టు చస్తే నీడెక్కడ తిరుగుతది. ఇది ఎవ్వలకు చెప్పాలె. గ్రూపుల పెట్టే మాటనా ఇది. అందుకే మేకను చంపుత అన్నంత కోపమొచ్చింది, మంచమే ఎవడో విరగ్గొట్టినట్టు. ఏటేటా చలికాలం పోంగనే ఆయన ఈ చెట్టు మొదలుకు సున్నం పూసేటోడు, చెదలు రావద్దని, మోకాలెత్తు తెలుపు, దాని మీద వేలెడంత ఎర్రజాజు పట్టీ, సర్కారు చెట్టులెక్క. జామచెట్టుకు సున్నం నిలుస్తదా, అది తన తోలు తనే ఇడుసుకునే చెట్టు, పాము కుబుసం ఇడిసినట్టు పలుచటి పెచ్చులు రాలుస్తనే ఉంటది, వారం తిరగకముందే సున్నం పెచ్చులతోని పాటు రాలిపోయేది. ఆయన నవ్వుకుంట మళ్ళ పూసేటోడు. ఎందుకయ్యా ఉత్త రెక్కల కష్టం అంటే, దానికిష్టం లేకుంటె అదే ఇప్పేసుకుంటదే, మనం తొడుగుడు వరకే అనేటోడు. ఈసారి ఆమెనే పూసింది. ఏడాది దినం వచ్చింది, చుట్టాలొస్తరు, చెట్టు బోసిగ ఉండొద్దని. పదకొండు దినాలాయె. ఈసారి రాలలేదు. గట్టిగ పట్టుకున్నది. ఇగో, గాయం మీది అంచుకు ఇంకా తెల్లగ.

ఎండ కండ్లల్ల పడితే మొకం పక్కకు తిప్పింది, తిప్పితే గాయం మీద పడింది చూపు, ఊరికె పడ్డది, చూడాలని చూడలేదు. గాయం రెండు రంగులున్నది. ఎడమ దిక్కు గోధుమ రంగుకు తిరిగింది, కోసి పెట్టిన జామపండు నల్లవడ్డట్టు. కుడి దిక్కు జానెడంత మాత్రం పాలలెక్క తెల్లగ, తడిగ, ఏలు పెడితే జిగటగ అంటుకుంటుంది. పచ్చి గాయం. రాత్రి గాయం. ఏలు తీసి చీరకు తుడుసుకున్నది. పొద్దున లేచినప్పుడే చూసింది గదా ఇది. చూసింది. చూసి, నిన్నటిదే, ఎండ తగలని దిక్కు గాబట్టి ఆరలేదు అనుకున్నది. ఎండ తగలని దిక్కట. మాపటి దాక మంచం ఎటు గుంజాల్నో తెలిసినామెకు ఎండ ఏ దిక్కు తగుల్తదో తెలువదా. కుడి దిక్కే పొద్దటెండ పడేది.

నిన్నటికెల్లి మేక బండకు కట్టేసున్నది. బాలమణి తాడును చూసింది. బండ కాడికెల్లి తాడు, తాడు చివర చంద్రి మెడ, మెడ కాడికెల్లి చెట్టు దాక మూడు మూరల ఖాళీ నేల. ఆ నేల మీద నిన్న మాపున తనే ఊడ్చిన చీపురు గీతలు అట్లనే ఉన్నయి, ఒక్క గిట్ట గుర్తు లేదు. తాడు సాగుతదా. తాడేమన్న మాటనా, సాగదీస్తే సాగనీకి. గోడకవతల యేసమ్మ దగ్గింది, చిన్నగ, దగ్గినందుకు తప్పైనట్టు. ఆ దగ్గు ఇన్నంక బాలమణి పిరికిదానిలెక్క పైకి చూసింది. పైన జామ ఆకులు, లేతయి, ముదురుయి, మెడ ఎత్తితే అందే అంత కిందికి వంగిన కొమ్మ, ఒక్క ఆకు తెగి లేదు. మేక చెట్టు కాడికొస్తే ముందుగాల ఏం తింటది. చెప్పు ఎల్లం బిడ్డా. ఆకు తింటది. అందకపోతే ముందు కాళ్ళు చెట్టుకు ఆనించి రెండు కాళ్ళ మీద లేసి తింటది, లేత జామాకు ఉండంగ మొదట్ల పట్ట కొరికే మేక ఉంటదా యాడనన్న, ఉంటే నాయిన దాన్ని అంగట్ల తిప్పి చూపించేటోడు. అయినా నిన్న ఆకు దిక్కు చూడలేదు. కోపం కింది దిక్కే చూసింది, మేక ఉన్న ఎత్తుకే చూసింది, మేక గలామె ఉన్న ఎత్తుకే.

నాయిన వచ్చి బండ మీద కూసున్నడు. నిజంగ రాలేదు, పోయి ముప్ఫై ఏండ్లాయె, కాని ఎండ, నెమరు, పేడ వాసన, ఈ మూడు ఒక్క కాడ కలిస్తే నాయిన రాకుండ ఎట్లుంటడు. గొంగడి భుజాన, చేతుల కర్ర. బిడ్డా, పండ్లు చూడరావే. ఆరేండ్ల పిల్ల ఉరికి పోయేది. మేక కింది పెదవి బొటనవేలితోని గుంజి పట్టుకునేటోడు. ఇగో ఇవి పాలపండ్లు, ఇగో నడుమ రెండు పెద్దయి, అంటే రెండు పండ్లది, ఏడాది దాటింది, నాలుగైతే నాలుగు పండ్లది, ఎనిమిదైతే నోరు నిండింది, ఇగ దాని వయసు దేవునికే ఎరుక. మరి మీది పండ్లేవి నాయినా అని అడిగింది ఆ పిల్ల. నాయిన నవ్విండు, తన మీది పండ్లు కనబడేటట్టు. మేకకు మీద ముందుపండ్లు ఉండవు బిడ్డా, పీటలెక్క గట్టి పంటి చిగురే, కింది పండ్లతోని గీకి మీది చిగురుకు ఒత్తి గుంజుతది, అందుకే అది పట్ట తిన్నా కిందికెల్లి మీదికి పీలికలు లేస్తయి, కొరికినట్టుండదు, గుంజినట్టుంటది. ఆరేండ్ల పిల్లకు ఎరుకైన ముచ్చట.

బాలమణి లేచింది. మోకాళ్ళు కటుక్కుమన్నయి. పోయి చంద్రి ముందల కూలబడి, బురద చెయ్యి చీరకు తుడుసుకొని, బొటనవేలితోని కింది పెదవి గుంజింది. నోరు నిండింది, ఎనిమిది పండ్లు, అరిగినయి. మీద చిగురు. నున్నగ, గులాబి రంగు, పసిపిల్ల చిగురులెక్క. మేక తల ఇదిలించలేదు, ఇంత సేపటికి ఎవ్వలో ముట్టుకున్నరని మెడ కొంచెం ముందుకే పెట్టింది, వెచ్చటి ఊపిరి చేతి మీద పడ్డది. మళ్ళ చెట్టు కాడికొచ్చింది. గాయం మీద ఏలు పెట్టి చూసింది, కండ్లు మూసుకొని, కండ్లు నిన్నటి సంది అబద్ధం చెప్తున్నయి గాబట్టి. జంట గాట్లు. ఉలి పెట్టి గీకినట్టు రెండు రెండు, చిటికెన వేలంత వెడల్పు, మీదికెల్లి కిందికి కొన్ని, కిందికెల్లి మీదికి కొన్ని, నడుమ కలిసిన కాడ గట్టు. మీద పండ్లున్నది, కింద పండ్లున్నది. మోకాలి కన్న ఎత్తుకు ఒక్క గాటు లేదు. మొదలు కాడ మట్టి గూడ కెలికి ఉన్నది, వేరు బయటపడ్డది. గుట్ట మీద రాళ్ళ సందులల్ల ఉండేది. పొద్దుగూకినంక దిగొచ్చేది. ఒంటి నిండ ముండ్లు, నడుస్తుంటే గలగల గాజుల సప్పుడు. ఏదుపంది.

ఆ మాట లోపట అనుకున్నంక ఒళ్ళు తేలికయింది, దూదిలెక్క, ఒక్క గడియ. ఏదుపంది. అయితే ఎవ్వలది తప్పు గాదు. అడివి జీవం, దానికి గ్రూపు లేదు, దాని మీద వాయిస్ పెట్టేది లేదు. యేసమ్మది గాదు, నాది గాదు. ఇంకో అర్ధగంటకు రత్నాకర్ వస్తడు. రానియ్యి. తోల్కపోనియ్యి. రెండు దినాలైనంక నేనే పోయి ఇడిపిస్త, నా చేతులతోని ఇడిపిస్త, పెద్దమనిషి బాలమణక్క జాలి తల్చింది అంటరు, మాట గూడ నిలబడుతది, మేకా ఇంటికొస్తది. ఎవ్వలకెరుక పండ్ల సంగతి. ఈ గల్లీల మేక నోట్ల వేలు పెట్టి చూసినోళ్ళు ఎవ్వలున్నరు. సూడిది, ట్రాలీల ఎక్కిచ్చి దించుతుంటే ఏమన్న అయితే. కాదులే, రత్నాకర్ మంచోడు, మెల్లగ దించుతడు. కృష్ణమోహన్‌కు నేనే చెప్త, ఉండనియ్యన్నా పాపం అని. పాపం. ఆ మాట నోట్లె తీయగనే ఉన్నది, బెల్లం ముక్క లెక్క, ఎంత మంది సార్లు ఇదే బెల్లం నోట్లె పెట్టుకొని ఆమె దిక్కు చూసిన్రు, పాపం బాలమణి, నీ అర్జీ చూద్దాం. అప్పుడు వాళ్ళ మొకాల మీద ఊయాలనిపించేది.

నాయిన ఇంకా పోలేదు. కర్ర చూపిస్తుండు. ఆ కర్ర. చేగుంట దిక్కు పోయి వచ్చిన ఏడు, గుట్ట కింద మంద ఆపిన్నాడు, పొద్దున లేస్తే కర్ర కొరికి ఉన్నది, కొసకు గాదు, మొదట్ల గాదు, నడిమిట్ల, చెయ్యి పట్టుకునే కాడ. జంట గాట్లు. దీన్నే ఎందుకు కొరికింది నాయినా, చుట్టూ ఇన్ని కట్టెలుండంగ. నాయిన ఆ పిల్ల చెయ్యి గుంజి ఆమె అరచెయ్యి ఆమె నాలుకకే ఆనిచ్చిండు. ఎట్లున్నది. ఉప్పగ. చెమటమ్మా. ఏదుపందికి ఉప్పంటే పానం, యాడ ఉప్పుంటే ఆడికొస్తది, ముండ్ల జీవమైనా దానికీ నాలుకున్నది గద.

ఉప్పు.

గాయం మీది అంచు. సున్నం ఉన్నంత మేరనే కొరికింది. జాజు పట్టీ కాడికొచ్చి ఆగింది, గీత గీసినట్టు. తెలుపు ఎక్కడుంటె అక్కడ. కింద పడ్డ పెంకు ఒకటి తీసుకున్నది, ఒక దిక్కు సున్నం గట్టిగ పట్టి ఉన్నది, మిగిలిన ఏండ్లల్ల రాలిపోయే సున్నం ఈసారి ఎట్ల పట్టింది. నాలుకకు ఆనిచ్చింది. సున్నం చురుక్కుమన్నది, చురుకు ఎనుక, మెల్లగ, ఉప్పు. గోడలకు ఏసేటప్పుడు అమ్మ నేర్పింది, సున్నంల గుప్పెడు ఉప్పు ఏస్తే చేతికంటదు, గోడకు పట్టుకుంటదని, ఇంటింటికి అదే చేస్తరు, పండుగకు ఇండ్లకు సున్నాలు ఏసిన్నాడు అదే చేసింది. మొన్న బకెట్ల సున్నం కలిపి, గుప్పెడు చాలదని మూడు గుప్పెళ్ళు ఏసింది. రాలొద్దని. ఆయన ఏడాది దినం నాడు పూసింది గదా, ఇది మాత్రం రాలొద్దు, చెట్టు ఇడుసుకుంటనన్నా ఇడుసుకోనియ్య అనుకున్నది. ఎన్నడో ఒకసారి ఇట్లనే ఉప్పు డబ్బా పట్టుకొస్తే మంచంల కెల్లి ఆయన అన్నడు, అప్పటికే ఒళ్ళు బాగలేదు, మెల్లగ అన్నడు, చెట్టు గోడ గాదే. అంతే. డబ్బా లోపట పెట్టొచ్చింది. అంత చిన్న మాట ఎట్ల మర్చిపోయింది. మరువలేదు. ఉప్పు ఏస్తుంటే ఇనబడ్డది. ఇనబడుతుండంగనే ఏసింది. నువ్వు పోయినవ్ గదయ్యా, ఇగ నా ఇష్టం అని ఏసింది.

చెట్టుకు ఉప్పు పూసి గుట్ట మీది జీవాన్ని బువ్వకు పిలిచి, వచ్చి తిని పోతే, ఇరవై దినాలల్ల ఈనే మేకను బండకు కట్టేసింది.

నీడ జరిగింది. చెట్టు చుట్టూ చెయ్యి పెట్టి తడిమింది, దెబ్బ ఎంత దూరం పోయిందో, చుట్టూ పోయిందంటే ఇగ అయిపోయినట్టే, మీది నుంచి కిందికి దారి తెగినట్టే. ఎనుక దిక్కు గోడ సందుల, చెయ్యి పట్టనంత ఇరుకుల, నాలుగు వేళ్ళ వెడల్పు బెరడు మిగిలున్నది. కింది దాక. నున్నగ, చల్లగ. ఆ నాలుగు వేళ్ళ మీద చెయ్యి పెట్టి ఊపిరి తీసుకున్నది. ఈ రాత్రికి మళ్ళొస్తది. ఉప్పున్నంత సేపు వస్తది.

లేచి తాడు ఇప్పింది. చంద్రిని పట్టుకొని పెరటి తలుపు తీసింది. యేసమ్మ తల ఎత్తింది. పొద్దంతా ఎండల ఉండి మొకం కమిలింది.

"తీస్కపో యేసమ్మా," అన్నది బాలమణి. "నీ మేక తప్పు లేదు."

యేసమ్మ మేకను చూసింది, పొట్ట చూసింది, చెవులు తడిమింది. తాడు మాత్రం పట్టుకోలేదు.

"ఎవ్వల తప్పు మరి?"

"ఏదుపంది కొరికింది. గుట్ట మీదికెల్లి వచ్చి."

"ఏదుపందా."

"ఆఁ. పండ్లు చూసిన. నీ మేకకు మీది పండ్లు లేవు."

"నా మేకకు మీది పండ్లు లేవని నాకు ఎరుక లేదా అక్కా," అన్నది యేసమ్మ. గొంతు లేపలేదు. "నీకు ఎరుక లేదా అని కూసున్న పొద్దున్నుంచి."

బాలమణి తాడు ఇంకో చేతికి మార్చుకున్నది. గల్లీల ఎవ్వలో కుక్కర్ పెట్టిన్రు, సీటీ ఏసింది, ఆగింది.

"సరే, తీస్కపో. రత్నాకర్‌కు నేను చెప్త."

"గట్ల తీస్కపోను." యేసమ్మ రెండు చేతులు ఒళ్ళె పెట్టుకున్నది. "దొంగతనంగ ఎందుకు తీస్కపోవాలె. అందరి ముందల కట్టేసినవ్, అందరి ముందల ఇప్పు. వాయిస్ పెట్టినవ్ గద. నేను పప్పు కలుపుకుంట ఇన్న, పిల్లలు ఇన్నరు, సార్లు ఇన్నరు. మా ఓనరు రెండుసార్లు ఇన్నడట, సక్కగ ఇనబడలేదని."

"ఏం చెప్పాలె?"

"నాకు మాట్లాడరాదక్కా. నువ్వే చెప్పేటిదానివి."

ఫోన్ నడుముల ఉన్నది. తీసింది. బురద ఏలుకు తెరుచుకోలేదు, చీరకు తుడిచింది, తెరిచింది. నిన్నటి వాయిస్ కింద వేళ్ళ వరుస, పసుపు పచ్చటి వేళ్ళు, అన్ని నిలబడి ఉన్నయి. మైకు గుర్తు మీద ఏలు పెట్టింది, తీసింది. ఎన్ని మీటింగులల్ల మాట్లాడింది, ఎంత మంది ముందల, అన్నిట్ల ఒకడుండెటోడు తిట్టేటందుకు, వాని మొకం చూస్తే మాట దానంతటదే వస్తుండె. ఇయ్యాల ఆ మొకం ఎక్కడ పెట్టుకోవాలె. చెట్టు దిక్కు చూసింది. మంచం కాళ్ళ గుంతలు నాలుగు ఇంకా పూడలేదు నేల మీద, ఆయన ఉంటే ఏమంటుండె, ఫ్యూజు పోయిందానే అంటుండె. ఏలు గట్టిగ ఒత్తింది.

"నేను బాలమణిని మాట్లాడుతున్న. నిన్న నేను పెట్టిన మాట తప్పు. యేసమ్మ మేక నా చెట్టు ముట్టలేదు. మేకకు మీది ముందుపండ్లే ఉండవు, మేకలోళ్ళ బిడ్డను, నాకు ఎరుక, ఎరుకై గూడ చూడలేదు. కొరికింది ఏదుపంది. దాన్ని పిలిచింది నేను, సున్నంల ఉప్పు కలిపి చెట్టుకు పూసిన. రాత్రి మేక కట్టేసే ఉన్నది, చెట్టు మళ్ళ కొరికున్నది, పొద్దున చూసిన, చూడనట్టు చేసిన. మీ అందరి ముందల యేసమ్మను దొంగను చేసిన, మీతోని వేళ్ళు పెట్టిచ్చిన. తీసుకోండ్రి మీ వేళ్ళు. కృష్ణమోహనన్నా, ఆమెను రూము ఖాళీ చెయ్యమన్నవట. చేయిస్తే నీ ఇంటి ముందల నేను కూసుంట. మూడు దినాలు కూసుంట. నా సంగతి నీకు ఎరుకనే."

ఏలు తీసింది. ఫోన్ సుయ్యిమన్నది. యేసమ్మ జాకెట్ల ఫోన్ టింగుమన్నది. ఆమె తీసి, ఒత్తి, చెవు కాడ పెట్టుకొని మొదటికెల్లి ఇన్నది, ఎదురుగ నిలబడ్డ మనిషి మాటలే, ఆఖరి దాక. బాలమణి గూడ నిలబడి ఇన్నది. ఆ గొంతు ఎవ్వలదో ముసలామెది లెక్కున్నది.

గల్లీ మొగలకెల్లి ట్రాలీ ఆటో డగడగ వచ్చి ఆగింది. రత్నాకర్ దిగిండు, చేతుల తాడు.

"అమ్మా, ఇదేనా మేక? ఎక్కిద్దామా?"

"మేక గాదు బిడ్డా," అన్నది బాలమణి. "దొంగను నేను. ఎక్కించుకుంటవా?"

రత్నాకర్ ఇద్దరి మొకాలు చూసిండు. "ఏం పరేషానమ్మా ఇది. ఆటో తేనీకి ఇద్దరి కాళ్ళు పట్టుకున్న."

"ఆగుండ్రి," అని యేసమ్మ లేచింది. ఇంత సేపు కూసున్న కాళ్ళు తిమ్మిరెక్కి గోడ పట్టుకున్నది. చంద్రి తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకొని, పోకుండ, పెరట్లకొచ్చింది. చెట్టు కాడ వంగి చూసింది, ఎనుక గోడ సందులకు చెయ్యి పెట్టి తడిమింది, అక్కడ మిగిలిన నాలుగు వేళ్ళు ఆమె వేళ్ళకు గూడ తగిలినట్టున్నయి, మొకంల ఏం తెలియనియ్యలేదు. ఆ లోపట చంద్రి మెడ సాచి కిందికి వంగిన కొమ్మ అందుకొని ఒక రెమ్మ ఆకు తెంపుకున్నది. ఎవ్వలు అదిలియ్యలేదు.

"ముందుగాల ఆ ఉప్పు కడుగు," అన్నది యేసమ్మ. "ఆ నీళ్ళు మొదట్ల ఇంకనియ్యకు. కాల్వ తీసి మోరీలకు ఇడువు. పొద్దుగూకుతుంది."

అక్కా అనలేదు. మేకను తోల్కొని పోయింది. గల్లీల ఆమె మడిమెల సప్పుడు, మేక గిట్టల సప్పుడు, ఆఖరుకు ఏదీ లేదు. రత్నాకర్ ఇంకా తాడు పట్టుకొనే నిలబడ్డడు.

బాలమణి పారతోని మొదలు పక్కకెల్లి తలుపు దాక కాల్వ గీసింది. బిందెతోని నీళ్ళు తెచ్చి పోసింది, కొబ్బరి పీసుతోని రుద్దింది, మెల్లగ, పచ్చి గాయానికి తగలకుండ, పట్టుకున్నంత గట్టిగ పట్టుకున్న సున్నాన్ని వేలి గోరుతోని ఇడిపిచ్చింది. ఇంకో బిందె. తెల్లటి నీళ్ళు కాల్వల పారి తలుపు కింది సందుల దూరి గల్లీలకు పోయినయి, పొద్దున్నుంచి యేసమ్మ కూసున్న బండ కిందికి. మూడో బిందెకు చెట్టు మీదికెల్లి కారే నీళ్ళను దోసిట్ల పట్టి నాలుకకు ఆనిచ్చి చూసింది. ఇంకా ఉన్నది. బిందె పట్టుకొని నాలుగోసారి నీళ్ళకు పోయింది.